యూరియా బస్తా వెనకున్న మనిషి, హైడెల్‌బర్గ్ కొండ మీద మ్యూజియం

పోయిన సంచికలో యూరియా కోసం రైతులు కట్టే లైన్ల గురించి రాస్తూ కార్ల్ బాష్ అనే జర్మన్ కెమిస్టు పేరు ఒక్క వాక్యంలో ఎత్తి వదిలేశాను. దాని మీద ఉత్తరాలు వచ్చిపడ్డాయి. పత్తి ధర మీద రాసినప్పుడు కూడా ఇన్ని రాలేదు. నాలుగు ఏరి జవాబులిస్తున్నాను. మొదటి ఉత్తరానికే జాగా ఎక్కువ పోయింది, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

*ప్రశ్న: సార్, నమస్తే. మాది బల్లార్షా. మా ఆయన బొగ్గు గనిలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. మా బాబు జర్మనీలో మన్‌హైమ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, ఈ ఎండాకాలం మమ్మల్ని రమ్మంటున్నాడు. పక్కనే హైడెల్‌బర్గ్‌లో పెద్ద కోట ఉందట, అది చూశాక మీరు రాసిన బాష్ మ్యూజియం కూడా అక్కడే ఉంది, చిన్నదే, పోదామా అంటున్నాడు. నేను పదో తరగతి దాకా చదివాను. మా ఆయన సాలార్‌జంగ్ మ్యూజియానికి పోతే గడియారం దగ్గరే గంటసేపు నిలబడతారు, మిగతాదేదీ పట్టదు. మాకు అక్కడ ఏం అర్థమవుతుంది? టికెట్ డబ్బులు దండగ కాదా?*
— ఒక గృహిణి, బల్లార్షా

జవాబు: వెళ్లండమ్మా. గడియారం దగ్గర గంటసేపు నిలబడే మనిషి అంటున్నారు, పైగా ఫిట్టర్. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసినవాళ్ల కంటే ఆ మ్యూజియం ఆయనకే బాగా ఎక్కుతుందని నా నమ్మకం. ఎందుకో చెప్తాను, కొంచెం పొడుగు కథ.

ముందు ఒక అనుమానం తీర్చేస్తా, ఇంకో ఇద్దరు కూడా అడిగారు. ఈయన మన మిక్సీల, డ్రిల్లింగ్ మిషన్ల బాష్ కాదు. ఆ కంపెనీ పెట్టిన రాబర్ట్ బాష్ ఈయనకు స్వయానా బాబాయి. కార్ల్ 1874లో కొలోన్‌లో పుట్టాడు. వాళ్ల నాన్న గ్యాస్ పైపులు, నీళ్ల పైపుల సామాను అమ్మేవాడు. కుర్రాడు ముందు ఇనుప కార్ఖానాలో చేతిపని నేర్చుకుని, తర్వాత బెర్లిన్‌లో మెటలర్జీ, మెకానికల్ చదివి, అవన్నీ అయ్యాక లైప్‌జిగ్ వెళ్లి కెమిస్ట్రీలో డాక్టరేట్ తీసుకున్నాడు. 1899లో బీఏఎస్ఎఫ్ అనే రంగుల కంపెనీలో చేరాడు. ఆ కంపెనీ ఉన్న లుడ్విగ్స్‌హాఫెన్ మీ బాబు ఉండే మన్‌హైమ్‌కి రైన్ నది అవతలి ఒడ్డే. వంతెన దాటితే వచ్చేస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. యూరియా చేయాలంటే ముందు అమ్మోనియా కావాలి. గాలిలోని నైట్రోజన్‌ని హైడ్రోజన్‌తో కలిపి అమ్మోనియా చేయొచ్చని ప్రయోగశాలలో చూపించినవాడు ఫ్రిట్జ్ హేబర్ అనే ప్రొఫెసర్. ఆయన వంద అట్మాస్ఫియర్లకు పైగా (ఒక అట్మాస్ఫియర్ అంటే మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడి) ఒత్తిడి కావాలనేసరికి కంపెనీ పెద్దలు బెదిరిపోయారు, ఎందుకంటే అప్పట్లో అంతకంటే ఎంతో తక్కువ ఒత్తిడికే పాత్రలు పేలేవి. చేయొచ్చు అన్నవాడు బాష్ ఒక్కడే. ఉక్కు ఎంత తట్టుకుంటుందో తనకు తెలుసని అన్నాడు. ఇనుప కార్ఖానాలో చేసిన పని అక్కడ అక్కరకొచ్చింది.

1909 జూలై 2న కార్ల్స్‌రూహెలో హేబర్ తన యంత్రం నడిపి చూపించాల్సిన రోజు, బిగించేటప్పుడు ఒక బోల్టు పగిలింది. ఈ ముక్క మీ ఆయనకు చెప్పండి, నవ్వుకుంటారు. రిపేరుకు గంటలు పట్టింది, బాష్ చూసి చూసి వెళ్లిపోయాడు. ఆయనతో వచ్చిన కంపెనీ కెమిస్టు ఆల్విన్ మిటాష్ మాత్రం ఆగి, అమ్మోనియా చుక్కలు చుక్కలుగా పడటం కళ్లారా చూశాడు. ఎంతొచ్చిందీ అంటే, గంటకు ఓ 80 గ్రాములు! దాన్ని రోజుకు టన్నుల లెక్కలోకి తేవడం బాష్ పని.

రెండు పెద్ద చిక్కులు. మొదటిది క్యాటలిస్ట్, అంటే పక్కన ఉండి రసాయన చర్యను తొందరపెట్టే పదార్థం. హేబర్ వాడింది ఆస్మియం అనే లోహం. అది ఎంత అరుదంటే, లోకంలో దొరికేదంతా కంపెనీ కొనిపెట్టుకున్నా 100 కిలోల చిల్లరే. చవకదాని కోసం మిటాష్ మనుషులు 1912 మొదలయ్యే నాటికి దాదాపు 2,500 రకాల పదార్థాలతో 6,500 ప్రయోగాలు చేశారు. స్వీడన్ నుంచి వచ్చిన ఒక ఇనుప ఖనిజం బాగా పనిచేసింది, శుద్ధమైన ఇనుము మాత్రం చేయలేదు. మలినాలే సాయం చేస్తున్నాయని అప్పుడు తేలింది. ఇనుములో కొంచెం అల్యూమినియం ఆక్సైడ్, సున్నం, పొటాషియం కలిపితే చాలు. ఇవాళ్టికీ చాలా ఫ్యాక్టరీల్లో ఆ వంశానికి చెందిన ఇనుమే వాడుతున్నారు.

రెండో చిక్కు పైపు. నాకు ఇదే ఇష్టమైన భాగం.

500 డిగ్రీలు దాటిన వేడి, దాదాపు 200 అట్మాస్ఫియర్ల ఒత్తిడి. లారీ టైరులో ఉండే గాలి కంటే పాతిక రెట్లు అనుకోండి. మంచి ఉక్కు పైపులే పెట్టారు, 80 గంటలు తిరిగేసరికి పగిలిపోయాయి. అందరూ ఒత్తిడికి పగిలిందనుకుంటే బాష్ ఆ ముక్కలను కోయించి, పాలిష్ పట్టించి, మైక్రోస్కోపు కింద పెట్టించాడు. వేడి హైడ్రోజన్ ఉక్కు లోపలికి దూరి అందులోని కార్బన్‌ని తినేస్తోంది. గట్టిదనం ఇచ్చే కార్బన్ పోయాక మిగిలేది పెళుసు లోహం. ఉక్కు ఎంత మందం పెట్టినా లాభం లేదు, కొన్నాళ్లు ఆలస్యమవుతుంది, అంతే.

1911లో దొరికిన ఉపాయం వింటే ఇంతేనా అనిపిస్తుంది. లోపల కార్బన్ లేని మెత్తటి ఇనుప గొట్టం, దాన్ని పట్టుకుని బయట గట్టి ఉక్కు గొట్టం. హైడ్రోజన్ లోపలి గొట్టంలోంచి ఊరి బయటికి వస్తుంది, రానీ. కార్బనే లేదు కాబట్టి లోపలి గొట్టానికి అదేమీ చేయలేదు. బయటి ఉక్కుకు చిన్న చిన్న రంధ్రాలు వేసి ఆ గ్యాస్‌ని దారి చూపించి పంపేశారు. గ్యాస్‌ని ఆపాలని అందరూ తంటాలు పడుతుంటే ఈయన పోనిచ్చాడు. బలమైన గొట్టానికి రంధ్రాలు పెట్టమన్నప్పుడు వర్క్‌షాప్ వాళ్ల మొహాలు ఎట్లా ఉండేవో, నాకు అదే చూడాలనిపిస్తుంది. 1913 సెప్టెంబరులో లుడ్విగ్స్‌హాఫెన్ పక్కన ఓపావ్‌లో ఫ్యాక్టరీ మొదలైంది, రోజుకు 30 టన్నుల అమ్మోనియా లెక్కన. గంటకు 80 గ్రాముల నుంచి అక్కడికి రావడానికి నాలుగేళ్లు.

మ్యూజియం కోట పక్కనుంచి కొండ అంచునే సాగే రోడ్డు మీద, బాష్ ఉన్న బంగళాకు అనుబంధంగా ఉన్న పాత కట్టడంలో ఉంది. ప్రభుత్వం పెట్టింది కాదు. ఎస్ఏపీ సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టినవాళ్లలో ఒకరైన క్లౌస్ చిరా ఆ బంగళా కొని తన ఫౌండేషన్‌కు ఇచ్చాడు, ఆయన భార్య గెర్డా చిరా 1998లో పక్కనే ఈ మ్యూజియం తెరిచారు. (మన పిల్లలు ఎంతమంది ఆ ఎస్ఏపీ కోర్సుల మీద అన్నం తింటున్నారో!) లోపల హై ప్రెషర్ యంత్రభాగాలు, పాత పనిముట్లు, ఫొటోలు, బాష్ ఇంటి జీవితం గురించిన వస్తువులు ఉంటాయి. పురుగులు, రాళ్లు సేకరించే పిచ్చి ఉండేదాయనకు, ఆ ఖనిజాల సేకరణ తర్వాత అమెరికాలో స్మిత్సోనియన్ మ్యూజియానికి చేరింది. హైడెల్‌బర్గ్ జూ 1934లో మొదలవడం వెనక కూడా ఆయనే ఉన్నాడు. మనవలు వెంట ఉంటే మ్యూజియం తర్వాత జూ పెట్టుకోండి, లేకపోతే ఏడుస్తారు.

కోటకు పొద్దున్నే పోయి మధ్యాహ్నం ఇటు రండి. కొండ రోడ్డు కాబట్టి మోకాళ్ల నొప్పులుంటే బస్సో కారో చూడమనండి బాబుని, వారంలో ఏ రోజు సెలవో కూడా ముందే చూడమనండి, చిన్న మ్యూజియాలకు ఒక్కోదానికి ఒక్కో లెక్క. ఇంకో మాట, బాబు చదివి వినిపించడం మొదలుపెడితే ఆపేసి, మీ ఆయన్ని ముందు నడవనివ్వండి. ఫ్లాంజులు, వాల్వులు, గాస్కెట్లు కనిపించిన చోట ఆయనే ఆగి మీ ఇద్దరికీ చెప్తారు.

*ప్రశ్న: అన్నా, సిరొంచ దగ్గర ఊరు నాది. వరి, పత్తి, కొంచెం మిరప వేస్తా. గాలిలోనే నైట్రోజన్ ఉందని రాశారు. గాలి ఉత్తగనే దొరుకుతుంది కదా, మరి బొగ్గెందుకు, గ్యాసెందుకు? రామగుండం ఫ్యాక్టరీ ఒకప్పుడు బొగ్గుతోనే యూరియా తీసేదని మా నాన్న అనేవాడు. నిజమేనా?*
— ఒక రైతు, సిరొంచ తాలూకా

జవాబు: మీ నాన్న చెప్పింది నిజం తమ్ముడూ. ఫర్టిలైజర్ కార్పొరేషన్ వాళ్ల రామగుండం ఫ్యాక్టరీ 1980లో ఉత్పత్తి మొదలుపెట్టింది, బొగ్గే ముడిసరుకు. అట్లాంటిదే ఇంకోటి ఒడిశాలో తాల్చేర్‌లో ఉండేది. రెండూ సరిగ్గా నడవలేదు. రామగుండంది 1999లో మూతపడింది. అదే చోట ఇప్పుడు నడుస్తున్నది కొత్త ఫ్యాక్టరీ, 2021లో మొదలైంది, సహజవాయువుతో నడుస్తుంది, ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా దాని సామర్థ్యం.

గాలిలో 78 శాతం నైట్రోజనే, కానీ దాని పరమాణువులు రెండేసి గట్టిగా పట్టుకుని ఉంటాయి, మొక్క వాటిని విడదీయలేదు. కంది, పెసర, శనగ వేళ్ల బుడిపెల్లో ఉండే బాక్టీరియా విడదీయగలదు, అందుకే పప్పు పంట తర్వాత వేసిన వరి బాగుంటుందని మన పెద్దలకు ఎప్పుడో తెలుసు. ఫ్యాక్టరీ చేసేది కూడా ఆ విడదీసే పనే. విడదీసిన నైట్రోజన్‌కు జతకట్టడానికి హైడ్రోజన్ కావాలి, అది గాలిలో దొరకదు. బాష్ కాలంలో ఎర్రగా కాలిన కోక్ బొగ్గు మీద నీటి ఆవిరి పంపి హైడ్రోజన్ తీశారు. ఇప్పుడు ఎక్కువగా సహజవాయువు నుంచి తీస్తున్నారు. అట్లా వచ్చిన అమ్మోనియాని, ఆ పనిలోనే పుట్టిన కార్బన్ డయాక్సైడ్‌తో ఒత్తిడి మీద కలిపితే యూరియా. అంటే బొగ్గయినా గ్యాసయినా పొయ్యిలో మంటకోసం మాత్రమే కాదు, బస్తాలోకి వెళ్లే సరుకు కూడా అందులోంచే వస్తుంది. గ్యాస్ ధర పెరిగినప్పుడల్లా యూరియా సబ్సిడీ మీద ఢిల్లీలో ఎందుకు తల పట్టుకుంటారో ఇక వేరే చెప్పక్కర్లేదు.

45 కిలోల బస్తాలో నైట్రోజన్ 46 శాతం, అంటే 20 కిలోల పైచిలుకు. ఈ కథంతా నడవకముందు యూరప్ రైతులు చిలీ ఎడారిలో తవ్విన నైట్రేట్‌ని ఓడల్లో తెప్పించుకునేవాళ్లు. మీరు అడగలేదు గానీ ఒక మాట: వరి ముదురు పచ్చగా కనిపిస్తోందని సంబరపడి ఇంకో బస్తా గుమ్మరించకండి, పురుగొస్తుంది, చేను పడిపోతుంది. లైన్లో నిలబడి తెచ్చుకున్నది కదా.

*ప్రశ్న: నమస్కారం. ధర్మాబాద్‌లో టీచర్‌ని. మా పిల్లలు సైన్స్ ఎగ్జిబిషన్‌కు కార్ల్ బాష్ మీద చార్ట్ వేశారు, పైన 'ప్రపంచానికి అన్నం పెట్టినవాడు' అని రాశారు. మా స్కూల్లోనే ఇంకో మాస్టారు, అది హిట్లర్‌కు పనిచేసిన కంపెనీ, ఆ బొమ్మ తీసేయండి అంటున్నారు. పిల్లలకు టెన్షన్ పట్టుకుంది. ఏం చేయమంటారు?*
— ఒక ఉపాధ్యాయురాలు, నాందేడ్ జిల్లా

జవాబు: టీచర్ గారూ, బొమ్మ ఉంచండి, పైన రాసింది మార్పించండి. ఆ మాస్టారు తప్పు చెప్పలేదు, పూర్తిగా చెప్పలేదు.

అన్నం మాట నిజమే. ఇవాళ ప్రపంచ జనాభాలో దాదాపు సగం మంది తిండి ఈ పద్ధతిలో తయారైన ఎరువు మీద ఆధారపడి ఉందని అంచనా. కానీ ఓపావ్ ఫ్యాక్టరీ మొదలైన మరుసటి ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. బ్రిటన్ నౌకలు దారి మూసేశాయి, చిలీ నైట్రేట్ ఆగిపోయింది. నైట్రేట్ లేకపోతే పేలుడు మందు లేదు. అమ్మోనియాని నైట్రిక్ ఆమ్లంగా మార్చి ఆ లోటు తీరుస్తామని జర్మన్ సైన్యానికి మాటిచ్చి నిలబెట్టుకున్నది బాష్ కంపెనీయే. 1917లో లాయ్నా అనే చోట ఇంకా పెద్ద ఫ్యాక్టరీ కట్టారు. పొలానికి వెళ్లాల్సిన పైపు ఫిరంగి వైపు తిరిగింది, తిప్పినవాళ్లలో ఈయన ఉన్నాడు. యుద్ధం అంత కాలం సాగడానికి అదొక కారణం.

1921 సెప్టెంబరు 21 సంగతి కూడా చార్టులో రాయించండి. ఓపావ్ గోదాములో దాదాపు 4,500 టన్నుల ఎరువు, అమ్మోనియం సల్ఫేట్, నైట్రేట్ కలిసింది, గడ్డకట్టి ఉంది. గడ్డను పగలగొట్టడానికి చిన్న చిన్న డైనమైట్లు పెట్టేవాళ్లు, అప్పటికి వేల సార్లు పెట్టారు, ఏమీ కాలేదు. ఆ పొద్దున్న అందులో కొంత భాగం పేలింది. 500 మందికి పైగా చనిపోయారు, ఊళ్లో ఎక్కువ ఇళ్లు నేలమట్టమయ్యాయి. అప్పుడు కంపెనీకి అధిపతి బాష్. 'ఇన్నాళ్లూ ఏం కాలేదు కదా' అనే మాట ఏ ఫ్యాక్టరీలో విన్నా నాకు ఓపావ్ గుర్తొస్తుంది, ఇక్కడి గనుల్లో, మిల్లుల్లో పనిచేసే ఇళ్ల పిల్లలకు ఇది ముఖ్యంగా తెలియాలి.

ఇక హిట్లర్. 1925లో పెద్ద జర్మన్ రసాయన కంపెనీలన్నీ కలిసి ఐజీ ఫార్బెన్ అయ్యాయి, దాని మొదటి అధిపతి బాషే. 1931లో ఫ్రీడ్రిష్ బెర్గియస్‌తో కలిపి నోబెల్ ఇచ్చారు, ఇద్దరిదీ హై ప్రెషర్ పనే. 1933లో హిట్లర్‌ని కలిసినప్పుడు యూదు శాస్త్రవేత్తలను వెళ్లగొడితే జర్మనీ సైన్స్ దెబ్బతింటుందని మొహం మీదే చెప్పాడంటారు. హేబర్ యూదు కుటుంబంలో పుట్టినవాడు, దేశం వదిలి 1934లో చనిపోయాడు, మరుసటి ఏడాది ఆయన సంస్మరణ సభకు ప్రభుత్వం వద్దంటున్నా బాష్ వెళ్లాడు. ఇది ఒక వైపు. ఇంకో వైపు, అదే 1933 డిసెంబరులో బొగ్గు నుంచి పెట్రోల్ తీసి ఇవ్వడానికి ఐజీ ఫార్బెన్ నాజీ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది, ఆ పెట్రోల్ ప్రాజెక్టు బాష్ ఎన్నేళ్లుగానో మోసుకొచ్చిన కల. యంత్రాన్ని బతికించుకోవాలని ఎవరితోనైనా చేతులు కలిపాడని నా అభిప్రాయం. తర్వాత కుంగిపోయాడు, తాగుడు ఎక్కువైంది, 1940 ఏప్రిల్‌లో హైడెల్‌బర్గ్‌లో పోయాడు. ఆయన పోయిన మరుసటి ఏడాది అదే కంపెనీ నాజీల నిర్బంధ శిబిరం ఉన్న ఆష్విట్జ్ దగ్గర ఖైదీలతో చాకిరీ చేయించి ఫ్యాక్టరీ కట్టించింది, దాని మీద యుద్ధం తర్వాత న్యూరెంబర్గ్‌లో కేసు నడిచింది. అది ఆయన చేతుల మీద జరగలేదు, కానీ ఆ కంపెనీని కట్టిన చేతులు ఆయనవి.

చార్టుకు 'కార్ల్ బాష్ – ఎరువు, యుద్ధం' అని పెట్టిస్తే చాలు. ఎనిమిదో తరగతి పిల్లలు అది మోయలేరని అనుకోను. పక్కన హేబర్‌కి కూడా చిన్న పెట్టె గీయించండి. 1915లో విషవాయువును యుద్ధంలోకి దింపినవాడు ఆయనే, చూసినవాళ్లు అడగక మానరు.

*ప్రశ్న: సార్, రాయగడలో ప్లస్ టూ సైన్స్ చదువుతున్నాను. ఇంట్లో తెలుగు, కాలేజీలో ఒడియా, ఇంగ్లీషు. కెమికల్ ఇంజనీరింగ్ చేయాలని ఉంది. జర్మనీ ఇప్పట్లో నాకు కుదరదు. మనకు దగ్గర్లో ఇట్లాంటి మ్యూజియం ఏదైనా ఉందా?*
— ఒక విద్యార్థి, రాయగడ

జవాబు: ఇంజనీరింగ్ కెమిస్టు ఒక్కడి పేరు మీద మ్యూజియం అంటే మన చుట్టుపక్కల లేదు బాబూ. భువనేశ్వర్‌లో రీజనల్ సైన్స్ సెంటర్ ఉంది, నాగ్‌పూర్‌లో రామన్ సైన్స్ సెంటర్ ఉంది (బల్లార్షా, చంద్రపూర్ వాళ్లకు అది దగ్గర), పిల్లలకు సరదాగానే ఉంటాయి గానీ నువ్వు అడిగేది వేరు. కొంచెం దూరమైనా కోల్‌కతాలో బిర్లా ఇండస్ట్రియల్ మ్యూజియం చూడు, 1959 నుంచి ఉంది.

మన దేశంలో బాష్ వరసలో తలచుకోవాల్సినవాడు ప్రఫుల్ల చంద్ర రాయ్. ప్రెసిడెన్సీ కాలేజీలో పాఠాలు చెప్తూ, 1892 నాటికి 700 రూపాయల పెట్టుబడితో అద్దె ఇంట్లో మందుల తయారీ మొదలుపెట్టాడు. 1901లో అదే బెంగాల్ కెమికల్స్ కంపెనీ అయింది, ఇవాళ్టికీ ఉంది. ఎముకల నుంచి ఫాస్ఫేట్ తీద్దామని మేడ మీద పశువుల ఎముకలు ఆరబెడితే చుట్టుపక్కలవాళ్లు గొడవ చేశారు. నీ చదువుకు ఆయన కథ బాగా పనికొస్తుంది.

కానీ మీ ఊళ్లోనే ఒకటుంది, దాన్ని వదిలేసి ఎక్కడెక్కడో వెతుకుతున్నావు. జేకే పూర్ పేపర్ మిల్లు. ప్రిన్సిపాల్ దగ్గర ఉత్తరం రాయించుకుని, నలుగురైదుగురు కలిసి, లెక్చరర్‌ని వెంటబెట్టుకుని అడగండి, ఒక్కడివే గేటు దగ్గరికి పోతే వాచ్‌మన్ పంపేస్తాడు. లోపలికి రానిస్తే కాగితం చుట్టలు చూస్తూ టైమ్ పోగొట్టుకోకు, డైజెస్టర్ దగ్గరికి తీసుకెళ్లమను. కర్ర ముక్కల్ని కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ ద్రావణంలో వేసి, 170 డిగ్రీల వేడి దగ్గర ఒత్తిడి మీద ఉడికించే పెద్ద పాత్ర అది. అక్కడి ఆపరేటర్‌ని రెండే అడుగు: లోపలి గోడ ఏ లోహం, దాన్ని ఏ ద్రవం తింటోంది. ఆయన ఏం చెప్పాడో నాకు రాసి పంపు, వచ్చే సంచికలో వేస్తాను.